గోడది ఏ తెలుపు

పిడుగు వాళ్ళమ్మకు భయం ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడితే, వీధి తలుపు గడియ వేశానా లేదా అని అనుమానం. గడియ చూసి వచ్చేసరికి పాలు పొంగనే పొంగేవి. "నీ భయానికి ఎవరైనా ఉద్యోగం ఇచ్చి ఉంటే ఈపాటికి పెద్ద మేనేజరయ్యేది" అని మొగుడు నవ్వేవాడు.

ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది పిల్లల చదువు. ఆమె చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగింది. వాళ్ళమ్మ మంచాన పడితే పెద్దకూతురు కదా, పుస్తకాల సంచి మేకుకు తగిలించి గరిటె పట్టుకుంది. ఆ తర్వాత ఆ సంచిలో వాళ్ళ తమ్ముడు గోళీలు దాచుకున్నాడు. "నాకు రాకపోతే పోయింది, నా పిల్లలు నలుగురిలో నోరు వెళ్ళబెట్టకూడదు" అని ఆమె పట్టుదల. అందుకే పాత పుస్తకాలమ్మే చోట బేరమాడి మరీ ఒక పుస్తకం కొంది. ఇంట్లో దొరికే వాటితో పసిపిల్లలకు రంగులు నేర్పే పుస్తకం. మొదటి ఎనిమిది పేజీలు లేవు. తొమ్మిదో పేజీ నుంచే మొదలు. ఎనిమిది పేజీల్లో ఏముంటుందిలే, ముందుమాట తప్ప, అనుకుంది. రంగులు తియ్యబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ ఆ ఎనిమిదింటిలోనే ఉన్నాయని తర్వాత తెలిసింది.

పిల్లలిద్దరు. పెద్దది నాలుగేళ్ళది. నడవడం రాకముందే పరుగెత్తింది కాబట్టి దాన్ని అందరూ పిడుగు అనేవాళ్ళు. చిన్నవాడికి రెండేళ్ళు ఇంకా నిండలేదు. ఎక్కడ పెడితే అక్కడ ఆ ఆకారంలో కూర్చునేవాడు కాబట్టి ముద్ద.

ఉంటున్నది అద్దె ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు గదిలో ఇంత పెద్ద కిటికీ. అంతకుముందు ఉన్న ఇంట్లో పగలు కూడా దీపం వేసుకుంటేనే పిల్లల మొహాలు కనిపించేవి. ఇక్కడికి వచ్చాక ముద్దకు దగ్గు తగ్గింది. మొగుడు పనిచేసే లాండ్రీ రెండు వీధుల అవతలే. తెల్లారకముందే వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికొచ్చేస్తాడు. ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది ఇంటావిడ సంతకం. ఆవిడ ముప్పై అయిదేళ్ళు కళ్ళద్దాల కొట్టు నడిపి మానేసిన మనిషి. ఏడాదికొకసారి వచ్చి, మెడలో గొలుసుకు వేలాడే అద్దాలు పెట్టుకుని, గది గదీ చూసి, అంతా బాగుంటేనే అద్దె కాగితం మీద మళ్ళీ సంతకం పెడుతుంది. ఆ కాగితంలో అయిదో షరతు: గోడల మీద మరక గానీ, గీత గానీ, మేకు గానీ ఉండరాదు. వీళ్ళకు ముందున్నవాళ్ళు క్యాలెండరు కోసం ఒక్క మేకు కొట్టి, ఆ క్యాలెండరు చివరి పేజీ చూడకుండానే ఖాళీ చేశారట. ఈ ఏడు ఆవిడ వచ్చేది శనివారం.

ఇది మంగళవారం సంగతి.

ఆ రోజు పొద్దున ఆమె మూడు గిన్నెలు వరసగా పెట్టింది. ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఒకదాంట్లో పాలకూర పసరు, మూడోదాంట్లో మొగుడు లాండ్రీ నుంచి తెచ్చిన నీలిమందు కలిపిన నీళ్ళు. బట్టలు చుట్టే ఖాకీ కాగితం నేల మీద పరిచింది. పుల్లలకు దూది చుట్టి కుంచెలు చేసింది. పుస్తకంలో బొమ్మలో ఉన్న తల్లిలాగే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తల్లిలాగే నవ్వడానికి ప్రయత్నించింది.

"ఇదేం రంగు?"

"ఎరుపు" అంది పిడుగు.

"భలే! కాగితం మీద వెయ్యి. ఆఁ... ఇప్పుడిదేం రంగు?"

పిడుగు తల అటు వంచి ఇటు వంచి చూసింది. "బురద."

"బురదేంటే? ఎరుపు."

"గిన్నెలో ఎరుపు. ఇక్కడ బురద."

"సరే, ఇదేంటి? పచ్చ కదా?"

"ఇది కొంచెం పెద్ద బురద."

నీలం కూడా వేసి చూపించింది. "ఇది చెప్పులకి అంటుకునే బురద" అంది పిడుగు.

ఆమె పుల్ల కింద పెట్టేసింది. నాలుగేళ్ళొచ్చాయి, ఎరుపుకూ బురదకూ తేడా తెలియడం లేదు. రేపు బడిలో పదిమంది ముందు అడిగితే? "మళ్ళీ చూడు. కళ్ళు బాగా తెరిచి చూడు" అంది.

"నేను తెరిచే చూస్తున్నా. నువ్వే మూసుకున్నావు" అంది పిడుగు.

ఇంతలో వంటింట్లో గుడ్లు ఉడుకుతున్న గిన్నె గలగలమంది. నీళ్ళు ఇంకిపోయాయేమోనని ఆమె లేచి పరుగెత్తింది. ఇంకిపోలేదు. ఎలాగూ వచ్చాను కదా అని గుడ్లు దించి, చల్లనీళ్ళు పోసి వచ్చింది. అంతే. అంతసేపే.

ముందు గదిలో, కిటికీ పక్క గోడ మీద, ఎర్రటి అరచేతులు మూడు. వాటి కింద గుండ్రంగా ఒక నీలపు మచ్చ. మచ్చ ఎలా వచ్చిందో అడగక్కర్లేదు. ముద్ద చొక్కా పైకెత్తుకుని, నీలపు పొట్ట ముందుకు పెట్టి నిలబడి ఉన్నాడు.

"చూడమ్మా!" పిడుగు గెంతుతోంది. "ఇక్కడ ఎరుపు ఎరుపుగానే ఉంది! కాగితమే పాడుది!"

ఆమె తిట్టబోయి ఆగిపోయింది. ఎందుకంటే పిల్ల చెప్పింది నిజం. ఖాకీ కాగితం మీద వేస్తే ఏ రంగైనా బురదే అవుతుంది. ఆ ముక్క నాలుగేళ్ళదానికి తట్టింది, తనకు తట్టలేదు. కానీ ఆ సంతోషం ఒక్క క్షణమే. ఆ వెనకే శనివారం గుర్తొచ్చింది.

సబ్బు నీళ్ళతో తోమింది. నీలం వదిలింది గానీ, ఎరుపు పోయి గులాబీ వచ్చింది. ఇంకా తోమితే గులాబీ పోలేదు గానీ, గోడ రంగు పొడిపొడిగా రాలింది. అరచేయంత ఉన్న మరక పళ్ళెమంత అయింది. "అమ్మా, నేను చిన్నగానే వేశా, నువ్వే పెద్దగా చేస్తున్నావు" అంది పిడుగు పక్కనుంచి.

మూడింటికి మొగుడు వచ్చాడు. వస్తూనే, "ఏమోయ్, గోడకి స్నానం చేయిస్తున్నావా?" అన్నాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆపేశాడు.

"శనివారం ఆవిడొస్తుంది" అంది ఆమె.

"తెలుసు."

"మళ్ళీ ఆ చీకటి కొంపకే పోవాలి."

"పోదాంలే గానీ, ముందు గుడ్డు పెట్టు, ఆకలేస్తోంది. ఇంకా నాలుగు రోజులుంది."

"నాలుగు రోజుల్లో గోడ మారిపోతుందా?"

"గోడ మారదు. మనమే ఏదో ఒకటి చేద్దాం" అని ముద్దను ఎత్తుకుని, వాడి నీలపు పొట్ట చూసి, "వీణ్ణి మా బాయిలర్లో వేస్తే గానీ తెల్లబడడు" అన్నాడు.

బుధవారం పొద్దున పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని ఆమె రంగుల కొట్టుకు వెళ్ళింది.

"తెల్లరంగు కావాలండీ. చిన్న డబ్బా."

"ఏ తెలుపు?" అన్నాడు కొట్టాయన.

ఆమె తెల్లమొహం వేసింది. కొట్టాయన వెనక గోడకు ఒక పెద్ద అట్ట వేలాడుతోంది. దాని నిండా గళ్ళు, గళ్ళన్నీ తెలుపే. నలభై ఉంటాయి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు పేరు పెట్టి పిలిచినప్పుడు చెవులు ఎలా వేడెక్కేవో, అలా వేడెక్కాయి. ఒక్కటి కొనుక్కుని పోదామనుకుంటే నలభై ఉన్నాయా?

"మామూలు తెలుపండీ. తెలుపంటే తెలుపే కదా."

"మీ ఇష్టం" అని ఆయన ఒక డబ్బా, ఒక కుంచె చేతికిచ్చాడు. ఆ మీ ఇష్టం అన్న తీరులోనే ఏదో ఉందని ఆమెకు దారంతా అనిపిస్తూనే ఉంది.

ఇంటికొచ్చి ఒక పూత వేసింది. గులాబీ తొంగిచూసింది. రెండో పూత వేసింది. గులాబీ మాయమైంది. గంట ఆరాక వెనక్కి నడిచి చూసుకుంటే, ముసలాయన నోట్లో ఒక్క పన్ను కొత్తది కట్టించినట్టు, గోడ మధ్యన ఆ ముక్క మిలమిలా మెరుస్తోంది. గులాబీ మరకే నయం. అదైనా పిల్లల పని అని సర్దిచెప్పుకోవచ్చు. ఇది దొంగపని అని ఎంత దూరానికైనా తెలిసిపోతుంది.

"అమ్మా, గోడకి కట్టు కట్టావా?" అంది పిడుగు.

"తెలుపు కదే! గోడ తెలుపే, ఇదీ తెలుపే!"

"గోడ తెలుపు కాదు. గోడ గుడ్డుపెంకు."

ఆ రోజు మూడింటికి మొగుడు ఆ ముక్క చూసి చాలాసేపు పెదవులు బిగించుకున్నాడు. చివరికి ఆపుకోలేక నేల మీద కూర్చుని నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి. సామాన్లు సర్దేటప్పుడు కూడా ఇలాగే నవ్వండి."

"అది కాదోయ్. పదకొండేళ్ళ నుంచి తెల్లబట్టలు ఉతుకుతున్నవాడు ఇంట్లో ఉంటే, ఒక్క మాట అడగొద్దూ?" అని లేచాడు. తలగడ గలీబు ఒకటి, తన పాత బనీను ఒకటి, ముద్ద కొత్త జుబ్బా ఒకటి తెచ్చి కుర్చీ మీద పక్కపక్కనే పరిచాడు. "ఇవేం రంగు?"

"తెలుపు" అంది ఆమె.

"తెలుపు, గుడ్డుపెంకు, ఆకాశం" అంది పిడుగు ఒక్కొక్కటీ వేలితో పొడుస్తూ.

"చూశావా? ఇది మా లాండ్రీలో పనికొస్తుంది, నువ్వు రావు" అన్నాడు. "మా దగ్గర ఎవడైనా తెలుపు అన్నాడంటే కొత్తగా చేరాడని అర్థం. ఆస్పత్రి తెలుపని ఒకటి, హోటలు తెలుపని ఒకటి, బడిపిల్లల చొక్కా తెలుపు ఒకటి. కళ్ళు జిగేలుమనాలంటే నీలిమందు చుక్క ఎక్కువ పడాలి. నీలిమందు తగలకుండా ఏళ్ళు గడిస్తే ముసలాయన బనీను తెలుపవుతుంది. నువ్వు కొన్నది ఆస్పత్రిది. మన గోడేమో ముసలాయన."

"గోడ తాతయ్యా?" అంది పిడుగు.

"అవును. తాతయ్యకి కుర్రాడి చొక్కా తొడిగింది మీ అమ్మ." అని పెళ్ళాం వైపు తిరిగాడు. "డబ్బాలో రంగు మిగిలింది కదా, అందులో కొంచెం పసుపు, కొంచెం మట్టిరంగు, ఈషణ్మాత్రం నలుపు కలుపు. ఎంతెంతో నాకూ తెలియదు. చేసి చూడటమే. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, తడిగా ఉన్నప్పుడు రంగు అబద్ధం చెబుతుంది. ఆరాక, పగటిపూట, కిటికీ దగ్గర చూడు."

గురువారం ఆమె మళ్ళీ కొట్టుకు వెళ్ళి మూడు చిన్న సీసాలు తెచ్చింది. మూడూ పేరుపెట్టి అడిగింది. కొట్టాయన ఈసారి మీ ఇష్టం అనలేదు. "పాత గోడకా?" అన్నాడు. "అవునండీ, ముసలాయన" అనేసి నాలుక కరుచుకుంది.

కొత్త చొక్కాల మడతల్లో పెట్టే అట్టలు లాండ్రీ నుంచి మొగుడు ఒక కట్ట తెచ్చిపెట్టాడు. బురద సంగతి తెలిసింది కనుక, ముందు వాటికి తెల్లరంగు పూసి ఆరబెట్టింది. అప్పుడు మొదలైంది ఆట. గిన్నెలో పది చెంచాల తెలుపు. అందులో ఒక చుక్క పసుపు. కలిపే పని పిడుగుది. అట్ట మీద పూసే పని అమ్మది. చెంచా నాకబోయే పని ముద్దది, వాణ్ణి పట్టుకునే పని కూడా అమ్మదే. వేసిన పాళ్ళన్నీ అట్ట వెనక పెన్సిలుతో రాసుకుంది. మర్చిపోతానేమోనని భయం మరి.

మొదటి అట్ట ఆరాక పిడుగు దాన్ని గోడకు ఆనించి చూసింది. "వెన్న."

రెండోదాంట్లో నలుపు పడింది. "ఏడ్చిన వెన్న."

"నలుపు ఎక్కువైందంటావా?"

"చెంచాతో వేస్తే ఏడవదా మరి? పుల్లతో వెయ్యి."

మూడోదాంట్లో మట్టిరంగు రెండు చుక్కలు. "పాపం, గోడకి జ్వరమొచ్చింది" అని పిడుగు గోడ నుదురు ఎక్కడుంటుందో చూసి చెయ్యి పెట్టింది. ఆమెకు నవ్వాగలేదు. ఇద్దరూ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా ముద్ద కూడా నవ్వాడు, వాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వులో ఆమె ఒక సంగతి గమనించలేదు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా ఇదేం రంగు అని తను పిల్లను అడగలేదు. పిల్లే చెబుతోంది, తను వింటోంది. పసుపు పడితే తెలుపు వేడెక్కుతుందని, నలుపు తగిలితే మాట తగ్గిస్తుందని, మట్టిరంగు పడితే వయసు మీద పడుతుందని ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు. ఇది పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

నాలుగో అట్ట పూసేసరికి మధ్యాహ్నమైంది. తడిగా ఉన్న అట్టను గోడ పక్కన పెట్టి చూస్తే నల్లగా, దిగులుగా కనిపించింది. భయం మళ్ళీ తలెత్తింది. "ఛీ, పాడైంది" అని అవతల పడేసింది. మొగుడు చెప్పిన తడి సంగతి ఆ కంగారులో గాలికి పోయింది. అయిదోది కలిపింది, అది మళ్ళీ వెన్న. ఆరోది జ్వరం. ఏడోదానికి ఓపిక లేదు. రేపు శుక్రవారం. రేపు పూస్తే గానీ ఎల్లుండికి ఆరదు. గిన్నె ముందు కూర్చుని, "మన వల్ల కాదే పిడుగూ" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా" అంది పిడుగు.

"ఊఁ."

"తమ్ముడి చేతిలో అట్ట ఏదీ?"

ముద్ద గోడ దగ్గర నిలబడి, దొరికిన అట్టతో గోడను టపటపా కొడుతున్నాడు. వాడు చెయ్యి వెనక్కి తీసినప్పుడు అట్ట కనిపిస్తోంది. గోడకు ఆనించినప్పుడు కనిపించడం లేదు. చిన్న వేళ్ళు మాత్రం గోడలోంచి మొలిచినట్టున్నాయి.

ఆమె మోకాళ్ళ మీదే పాకుతూ వెళ్ళింది. ముద్ద చెయ్యి పట్టుకుని అట్టను గోడ మీద అలాగే అదిమిపెట్టింది. అంచు తప్ప ఏమీ తెలియడం లేదు. వాడి చేతిలోంచి లాక్కుని వెనక్కి తిప్పింది. ముద్ద ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. వెనక తన పెన్సిలు రాత: నాలుగోది. పది చెంచాలు తెలుపు, మూడు చుక్కలు పసుపు, ఒక చుక్క మట్టి, పుల్ల మొనంత నలుపు.

"ఇదే కదే నేను పారేసింది!"

"ఆరింది కదమ్మా. ఇప్పుడు నిజం చెబుతోంది" అంది పిడుగు.

శుక్రవారం పొద్దున్నే పూశారు. అంచులు గీత కట్టకుండా స్పాంజి ముక్కతో అద్దారు. మధ్యాహ్నానికి ఆరింది. మూడింటికి మొగుడు వచ్చి, "ఆ ముక్క ఎక్కడుండేదోయ్?" అన్నాడు. ఆమెకు అంతకంటే మంచి మాట ఆ ఏడాది ఎవరూ అనలేదు.

అయినా శనివారం పొద్దుటికి భయం యథాస్థానానికి వచ్చి కూర్చుంది. రంగు కనబడదు, నిజమే. వాసన? కిటికీలన్నీ తెరిచిపెట్టింది. అడిగితే చెప్పడానికి ఒక మాట కూడా సిద్ధం చేసుకుంది: పక్కింటివాళ్ళు తలుపులకు రంగు వేయించుకుంటున్నారండీ. బియ్యం కడుగుతూ నాలుగుసార్లు, ముద్దకు జుట్టు దువ్వుతూ రెండుసార్లు అనుకుంది.

ఇంటావిడ పదకొండింటికి వచ్చింది. సన్నగా, నిటారుగా, మెడలో ఒక జత అద్దాలు, నెత్తి మీద ఇంకో జత. కుళాయి తిప్పి చూసింది, కట్టింది. కిటికీ రెక్కలు వేసి చూసింది, తీసింది. తలుపు మూలలు చూసింది. గోడల వెంట మెల్లగా నడిచింది. కిటికీ పక్కన అడుగు కూడా తడబడకుండా సాగిపోయింది. పిడుగు వాళ్ళమ్మ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదలబోయింది.

"రంగు వాసన వస్తోందేం?" అంది ఇంటావిడ ఆగి.

నాలుక చివర పక్కింటివాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. కానీ పిడుగు అందరికంటే ముందు.

"మేమే వేశాం అమ్మమ్మా!"

ఆమె పిడుగు చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"మీరా? ఎక్కడ?" అంది ఇంటావిడ. ఆ గొంతులో మెత్తదనం లేదు.

"చెప్పకూడదు. మీరే కనిపెట్టాలి."

"పిడుగూ! నోర్ముయ్" అంది తల్లి.

"ఉండమ్మా" అని ఇంటావిడ చెయ్యెత్తింది. "నాకే పరీక్ష పెడుతోందా? ముప్పై అయిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ కళ్ళు బాగుచేసినదాన్ని. ఎన్నిసార్లు చూడొచ్చే?"

పిడుగు ఆలోచించింది. "మూడు."

ఇంటావిడ మెడలో అద్దాలు పెట్టుకుంది. గోడ ఒక చివర నుంచి మొదలుపెట్టి, స్విచ్చుల బోర్డు పక్కన ఆగింది. "ఇక్కడ."

"కాదు!"

"కిటికీ కింద. ఇదిగో, ఇక్కడ కొంచెం పాలిపోయింది."

"అది మీ రంగే అమ్మమ్మా! మేం వెయ్యలేదు!"

ఈసారి ఆవిడ మెడలోవి తీసేసి, నెత్తి మీదవి కిందికి దించుకుంది. ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా వెళ్ళింది. వాసన కూడా చూసింది. పిడుగు "వాసన చూడకూడదు, తొండి!" అని అరిచింది. ముద్ద కూడా వెళ్ళి ఆవిడ పక్కన గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాడు. చాలాసేపటికి ఆవిడ ఒక చోట వేలు పెట్టింది. "ఇది. ఇంకెక్కడా కాదు."

"అదీ కాదు! ఓడిపోయారు!" అని పిడుగు పరుగెత్తి, తన చెవి ఎత్తున గోడ మీద అరచెయ్యి ఆనించింది. "ఇక్కడ. నా మూడు చేతులు, తమ్ముడి పొట్ట."

ఇంటావిడ అక్కడికి వంగి చూసింది. కిటికీ పరదా పూర్తిగా పక్కకు లాగి చూసింది. అటుపక్క నుంచి చూసింది, ఇటుపక్క నుంచి చూసింది.

ఇక పిడుగు వాళ్ళమ్మ వల్ల కాలేదు. ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "తప్పు నాదేనండీ, పిల్లలది కాదు. రంగులు నేర్పుదామని నేనే కూర్చోబెట్టాను. కాగితంలో రాసింది తెలిసే సంతకం పెట్టాం. మీరు అడిగితే పక్కింటివాళ్ళ మీద పెడదామని కూడా అనుకున్నానండీ. మీరు ఖాళీ చెయ్యమంటే చేస్తాం. కొంచెం వ్యవధి ఇస్తే..."

"ఎవర్ని పిలిపించారు?" అంది ఇంటావిడ, అసలు అదేమీ విననట్టు.

"ఎవర్నీ లేదండీ."

"మరి ఈ రంగు ఎవరు కలిపారు?"

"మేమే. అంటే... నేను కలిపాను, ఇది చూసి చెప్పింది. వాడు కనిపెట్టాడు."

ఇంటావిడ ముద్ద వైపు చూసింది. వాడు ఇంకా గోడకు ముక్కు ఆనించే ఉన్నాడు. ఆవిడ వంటింట్లోకి నడిచింది. ఎప్పుడూ గోడకు ఆనించి తెరిచే ఉండే వంటింటి తలుపును ఇవతలికి లాగి, "ఇలా రా" అంది.

తలుపు వెనక గోడ మీద మూడు మచ్చలు. ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి బూడిదగా. ఇన్నాళ్ళున్నా పిడుగు వాళ్ళమ్మ ఏనాడూ ఆ తలుపు మూసి చూసిన పాపాన పోలేదు.

"ముగ్గురు పెయింటర్లు. ఒకరి తర్వాత ఒకరు. పెచ్చు ఊడితే సరిచెయ్యమన్నాను. ముగ్గురూ తెలుపే అన్నారు" అంది ఇంటావిడ. "మొదట్లో ఈ ఇంటికి రంగు కలిపినాయన పాళ్ళు ఎక్కడా రాయలేదు. చెడితే బాగుచేసే దారి లేదు నాకు. అందుకని చెడగొట్టొద్దని రాశాను. అందరూ నన్ను రాక్షసి అనుకుంటారు. ఏడాదంతా నాకు ఒకటే బెంగ, ఎవరేం గీస్తారోనని."

పిడుగు వాళ్ళమ్మ ఆవిడ వైపు వింతగా చూసింది. సంతకం పెట్టేవాళ్ళకు కూడా బెంగ ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. "రెండు జతల అద్దాలు పెట్టుకుంటారు గానీ, ఈ బెంగకి ఏ అద్దాలూ లేవా అండీ?" అనేసింది. ఇంటావిడ పకపకా నవ్వింది.

సంచిలోంచి కాగితం తీసి, వంటింటి గట్టు మీద పెట్టి, అయిదో షరతు మీద అడ్డంగా గీత కొట్టింది. దాని పక్కన సన్నటి అక్షరాలతో రాసింది: మరక పడితే ఇప్పటిలాగే సరిచెయ్యాలి. కింద సంతకం పెట్టింది. "నువ్వూ పెట్టు. చదివే పెట్టు."

ఆమె చదివే పెట్టింది. రెండుసార్లు చదివింది.

"ఇప్పుడు ఆ పాళ్ళు నాకు రాసివ్వు. ఎదురింట్లో కూడా ఇదే రంగు, అక్కడా రెండు పెచ్చులూడాయి" అంది ఇంటావిడ కుర్చీ లాక్కుంటూ.

పిడుగు వాళ్ళమ్మ పెన్సిలు కోసం వెళ్ళింది. ఆమె వచ్చేలోగానే పిడుగు ఇంటావిడ మోకాలి మీద చెయ్యి వేసి, వేళ్ళు మడుస్తూ పాఠం మొదలుపెట్టింది. "పది చెంచాలు తెలుపు. మీకు పది వచ్చా?"

మూడింటికి మొగుడు, సామాన్లు సర్దే బస్తాల కోసం ఎవర్ని అడగాలో పొద్దుటి నుంచి ఆలోచిస్తూ ఇంటికొచ్చాడు పాపం. తలుపు తోసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వంటింటి తలుపు వెనక, ఇంటావిడ చేతులు మోచేతులదాకా మడుచుకుని గోడకు రంగు పూస్తోంది. ముద్ద ఆవిడ నెత్తి మీది అద్దాలు తన కళ్ళకు తలకిందులుగా పెట్టుకుని పర్యవేక్షిస్తున్నాడు. "అక్కడ కాదు అమ్మమ్మా, ఇంకా కిందికి" అని పిడుగు అజమాయిషీ చేస్తోంది. పెళ్ళాం పొయ్యి దగ్గర నాలుగు కప్పుల్లో టీ పోస్తోంది.

"ఏమోయ్... ఖాళీ చెయ్యాలా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చెయ్యాలి" అంది ఆమె, అటు తిరక్కుండానే. "ఆ స్టూలుని. దాని మీద మీ మధ్యాహ్నం క్యారేజీ పెట్టకండి. ఆవిడకి పైన అందట్లేదు, ఎక్కి పుయ్యాలి."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.